పెళ్ళిచూపులకు పప్పు వండిన రోజు

అప్పట్లో మార్కాపురం జనానికి గట్టి నమ్మకం ఒకటి ఉండేది, గొర్రెల మంద ఉన్న ఇంట్లో పూటపూటా మాంసమే అని. దోర్నాల దగ్గర మా ఊళ్ళో దొడ్డి నిండా గొర్రెలు పెట్టుకుని మేం తిన్నది మాత్రం చింతాకు పప్పూ గోంగూరా. పొట్టేలు ఎదిగితే సంతకు పోవాల్సిందే, దాన్ని అమ్మితేనే నా కాలేజీ ఫీజు. (నా డిగ్రీ వెనక ఎన్ని పొట్టేళ్ళున్నాయో, పాపం.) జాతరకో చుట్టాలకో ఒకటి కోస్తే, మిగిలిన మాంసానికి ఉప్పూ పసుపూ పట్టించి, తీగ మీద ఎండేసి అమ్మ ఉప్పుకండం చేసేది. దాన్నే నెలల తరబడి పొదుపుగా వాడుకునేవాళ్ళం.

అలాంటి ఇంటికి మార్కాపురం సంబంధం వచ్చింది. అబ్బాయిని కాలేజీ బస్సులో చూసి ముందే మనసు పారేసుకున్నాను కాబట్టి, ఇది తప్పిపోతే ఎట్లా అని నా దిగులు. ముందుగా వాళ్ళిల్లు చూసొచ్చిన మేనత్త, అక్కడ పప్పూ పెరుగూ తప్ప వండలేదనీ, వాళ్ళు నీసు ముట్టరనీ తేల్చేసింది. నీసు మానినవాళ్ళంటే మనకంటే ఒక మెట్టు పైన ఉన్నట్టేనని నాయన లెక్క. చుట్టాల కోసం కట్టేసిన పొట్టేలును విప్పేసి, ఇల్లంతా కడిగించి, ఉప్పుకండం కుండను అటకెక్కించాడు. గొర్రెల్ని కూడా దాచమంటావా అని అడిగి తిట్లు తిన్నాను.

అబ్బాయితో పాటు వాళ్ళమ్మా నాన్నా, అవ్వా వచ్చారు. విస్తళ్ళలో పప్పూ వంకాయా చూసి వాళ్ళ మొహాలు వాడిపోయాయి. అది చూసి నాయన మరీ రెచ్చిపోయి, మా ఇంట్లో వెల్లుల్లి కూడా వాడమని కోతలు మొదలుపెట్టాడు. ఆయన కోసేకొద్దీ వాళ్ళు మెతుకులు కెలుకుతున్నారు. ఇక నా పెళ్ళి అయినట్టేలే అనుకుంటూ మజ్జిగ వడ్డిస్తుంటే, అవ్వ ముక్కు ఎగబీల్చి నన్నే అడిగింది.

"ఏందమ్మే, అటక మీద నుంచి ఉప్పుకండం వాసనొస్తాంది?"

లేదని చెప్పమని అమ్మ కళ్ళతోనే సైగ చేసింది. అబద్ధమాడి ఆ ఇంట్లో అడుగుపెట్టడం నావల్ల కాలేదు.

"అవునవ్వా. మీరు నీసు ముట్టరని దాచినాం."

"ఎవరు చెప్పినారు? శనివారమొక్కటే ముట్టం. మటన్ కొనాలంటే మాకు పండగ రావాల. గొర్రెల మందున్న ఇంటికి పోతున్నామని పొద్దున టిఫిన్ కూడా మానుకోని వచ్చినాం."

మేనత్త వేళ్ళు మడిచి లెక్క చూసుకుని నాలుక కరుచుకుంది. ఆమె వాళ్ళింటికి వెళ్ళింది శనివారమే. క్షణంలో కుండ కిందికి దిగింది, నిప్పుల మీద కండం చిటపటలాడింది. మెతుకులు కెలికినవాళ్ళంతా మళ్ళీ విస్తళ్ళ ముందు సర్దుకుని కూర్చున్నారు. వెల్లుల్లి వాడని మా నాయన దగ్గరుండి వెల్లుల్లి కారం వడ్డించాడు. అబ్బాయి తలెత్తకుండా తింటుంటే నాకు చెప్పలేనంత సంతోషం. చెయ్యి కడుక్కుంటూ అవ్వ, పిల్లకు దాపరికం తెలియదు, ఇంకేం చూడాలని తేల్చేసింది.

ఇప్పుడు ఇద్దరం సంపాదిస్తున్నాం, ఆదివారం వస్తే మటన్ తెచ్చుకోగలం. కానీ చుట్టాలొస్తే మా హోదాకు తగ్గట్టు ఏం వండాలా అని ఈ వయసులో కూడా గంటసేపు తికమకపడతాను. మజ్జిగ చెంబు పట్టుకుని అవునవ్వా అన్న అప్పటి ఆ పిల్ల గుర్తొస్తే, దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకోవాలనిపిస్తుంది.