చెప్పులు విప్పని ఊట

యురేనియం జాడ వెతికే సర్వేలో నా ఉద్యోగం. కొండల్లో పారే గెడ్డల అడుగున పేరుకున్న ఇసుకను జల్లెడ పట్టి సంచుల్లో కట్టడం, ఊటల నీళ్లు సీసాల్లో పట్టడం, వాటి మీద నంబర్లు రాయడం. వీటిలో నాకు బాగా వచ్చింది నంబర్లు రాయడమే. నా చేతిరాతను ఆఫీసంతా మెచ్చుకునేది.

ముంచింగిపుట్టు దాటాక జీపు ఆగే చోట ఒక టీకొట్టు, పక్కనే బోరింగు. మ్యాపులో నా పాయింటు మాత్రం కొండ మీది ఊట. రెండు గంటల ఎక్కుడు. మోకాలు నొప్పిగా ఉందనుకున్నాను. మోకాలు ఆ మాట అనలేదు. టీ తాగి, బోరింగు కొట్టి సీసా నింపి, ఊట నంబరు వేశాను. యురేనియం సీసా గోడకు అంటకుండా వేయాల్సిన యాసిడ్ చుక్కలు మాత్రం తూచా తప్పకుండా వేశాను. అబద్ధమైనా పద్ధతిగా భద్రపరచాలి కదా.

ల్యాబు రిపోర్టులో యురేనియం మోతాదు మించి వచ్చింది. ఆఫీసులో నాకు స్వీట్లు పెట్టారు. ఆఫీసు నుంచి ఎవరో కొండెక్కి ఊట పక్క బండ మీద ఎర్ర రంగుతో ‘తాగరాదు’ అని రాసి, అక్కడి ఊరివాళ్లకు మంచినీళ్ల కోసం వేరే దారి కూడా చూపించి వచ్చారు. కింద రోడ్డు పక్క బోరింగు! విన్నాక కూడా నేను నెల్లాళ్లు నోరు మెదపలేదు.

మళ్లీ అటు వెళ్లినప్పుడు బోరింగు దగ్గర బిందెల వరుస. టీకొట్టాయన ఒక ముసలామెకు నన్ను చూపించి, “మీ ఊటని పరీక్ష సేసిన బాబు ఈయనే,” అన్నాడు.

“నువ్వేనేటి? ఊట కాడ సెప్పులెక్కడిప్పినావు?” అందామె.

“గట్టు మీద,” అన్నాను.

“గట్టట!” అని ఆమె వెనక్కి తిరిగింది. వరుసంతా నవ్వింది. “అక్కడ గట్టెక్కడిది బాబూ? ఊట కాడికి సెప్పులతో రాకూడదు, ఊరి మొదట్లో పనసచెట్టు కాడే ఇప్పీసి రావాల. కొత్త సెప్పులు కనిపిస్తే ఊరంతా సూస్తాది. నీ సెప్పులు ఎవులూ సూడనేదు.”

“ఆ సెప్పులు నా బల్ల కిందే ఇప్పినాడు,” అన్నాడు టీకొట్టాయన. “సీసాతో బోరింగు నీళ్లు పట్టుకున్నాడు. దాహానికనుకున్నాను.”

నవ్వు ఆగిపోయింది. ఆమె నిండిన బిందెలోకి చూసింది. “అయితే ఆ ఇసం నీళ్లు ఇయ్యేనా? మా సంటి గుంటకి నెల్లాళ్ల బట్టీ తాగడానికి ఇయ్యే పోత్తన్నాం.”

“ఇవేనమ్మా,” అన్నాను.

ఆమె బిందె నా కాళ్ల దగ్గర ఒంపేసింది.

ఆ రోజే కొండెక్కాను. పనసచెట్టు దగ్గర చెప్పులు విప్పి, ఊట నీళ్లు పట్టాను. తప్పంతా కాగితం మీద పెట్టి ఆఫీసుకిచ్చాను. మొదటిసారి నా చేతిరాతను ఎవరూ మెచ్చుకోలేదు. బోరింగుకు తాళం పడింది. ఊట రిపోర్టు వచ్చేదాకా ఊరివాళ్లు పక్క కొండ గెడ్డ నుంచి నీళ్లు మోశారు.

ఊట నీళ్లు మంచివేనని తేలింది. కానీ రంగు చెరపడానికి వేరే ఆర్డరు కావాలన్నారు. థిన్నరు, గోనెగుడ్డ పట్టుకుని నేనే వెళ్లాను. ఎంత రుద్దినా చివరి ‘దు’ ఒక్కటే పోయింది.

ముసలామె బిందెతో వచ్చి నిలబడింది. “ఇప్పుడేటని ఉంది?”

“తాగరా అని.”

“అయితే తాగు మరి. ముందు నువ్వు తాగు.”

దోసిలి పట్టాను.