తెలిసిందే లాయరుగారు

ఆ లాయరుగారికి ఈ లోకంలో తెలియని సంగతి లేదు. కనీసం ఆయన నోటి ప్రకారం లేదు. "లిఫ్టు పాడైంది సార్" అంటే "తెలిసిందే!" అని, ఆ లిఫ్టు ముందే పది నిమిషాలు నిలబడతారు. "ఏమండీ, చొక్కా తిరగేసి తొడుక్కున్నారు" అని భార్య అంటే "తెలిసిందే!" అంటూనే గుండీల కోసం తడుముకుంటారు.

అలాంటి మనిషికి పనేమో పేటెంట్ అప్పీళ్లు! "ఇది ఎవరికైనా తట్టేదే" అని పేటెంట్ ఆఫీసువాళ్లు తోసేసిన ఆలోచనని, కాదు, కొత్తదేనని నిరూపించాలి. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

ఒక ఇంజనీరమ్మాయి వేరే దారిలేక ఆయన దగ్గరికే వెళ్లింది. మూడేళ్ల కష్టం, మిగిలింది ఒక్క అప్పీలు.

"అసలు మనిషి పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు రోజూ ఒకేచోట తడబడి దిద్దుకుంటాడు సార్. దొంగిలించినవాడు తడబడడు. తప్పు చెయ్యనివాణ్ణే నా ప్రోగ్రాం అనుమానిస్తుంది."

ఆయన కళ్లజోడు తీశారు. ఆమెకి తెప్పించిన కాఫీ తనే తాగేశారు. కిక్కురుమనలేదు. నచ్చలేదు కాబోలనుకుంది ఆమె.

"ఇంకోటి సార్... ఆఫీసుకిచ్చిన జవాబులో 'ఇది చిన్న ఆలోచనే' అని నేనే రాశాను. మర్యాదగా ఉంటుందని."

"తెలిసిందే!"

"మీకెలా తెలుసు?"

"మంచివాళ్లు చేసే తప్పేగా! ఏడవకు, కాఫీ తాగు." కప్పు ఖాళీ.

విచారణ రోజు తీర్పు చెప్పే పెద్దాయన అడిగారు: "టైపు చేసే తీరు చూసి మనిషిని గుర్తుపట్టమని ఒక పాత పేటెంట్ పత్రం ఉంది. టైపు తప్పుల గురించి ఇంకోటి ఉంది. రెండూ కలిపితే ఇదేగా? పైగా చిన్న ఆలోచనేనని ఆవిడే రాసింది!"

"అయ్యా, ఆ రెండో పత్రం తప్పుల్ని చెరిపెయ్యమంది. ఈ అమ్మాయి దాచుకోమంది. చెరిపేసినదాన్ని దేంతో కలుపుతారు? ఆవిడ రాసింది వినయం, ఒప్పుకోలు కాదు." లాయరుగారు కాస్త ఆగారు. "నలభై ఏళ్లుగా నేను దేనికైనా ఏమంటానో తమకి తెలుసు. ఇది విన్నరోజు ఆ మాట నా నోట రాలేదు."

పెద్దాయన ఎంత ఆపుకున్నా నవ్వాగలేదు.

నెల తిరక్కుండా గెలిచినట్టు ఉత్తర్వు వచ్చింది. ఆమె పరుగున వెళ్తే గుమ్మంలో లాయరుగారి గుమాస్తా గుట్టు విప్పాడు. "ఆయనకేం తెలీదమ్మా! తప్పు చెప్పుకునేవాళ్లు తల దించుకోకూడదని ఆ మాట అనేస్తారు. తర్వాత ఆ తప్పేంటో, దిద్దే దారేంటో మేమిద్దరం వారం రోజులు పుస్తకాలు తిరగేస్తాం."

ఆమె కళ్లు తుడుచుకుని లోపలికెళ్లింది. "సార్, మీ మేలు ఈ జన్మలో మర్చిపోను." ఇక ఆ మాట వస్తుందని ఎదురుచూసింది.

ఆయన కళ్లజోడు తీశారు.

"ఇది మాత్రం నాకు తెలీదమ్మా. ఏదీ, ఇంకోసారి చెప్పు."