సోఫాకు ఎదురుగా పెట్టిన అద్దం

గోడలు కట్టేవారికి బలాన్నీ, ఆ గోడల మీద ఏముండాలో ఆలోచించే నాలాంటివారికి పనినీ ఇచ్చిన దేవునికి స్తోత్రం. నాకు అర్థమైన వాటిని బట్టి స్తోత్రం, అర్థం కాని వాటిని బట్టీ స్తోత్రం. ఇప్పుడు రాస్తున్నది ఆ రెండో రకం.

హోటళ్లలో, ఆఫీసుల్లో ఏ గోడకు ఏ పటం, ఏ అద్దం, ఎంత ఎత్తులో ఉండాలో ప్లాన్ వేసి ఇవ్వడం నా పని. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఫ్రేములు కట్టే చిన్న షెడ్డు ఉంది. పటం సరిగా కుదరకపోతే బాగాలేదంటారు, అంతే. అద్దం అట్లా కాదు, ఎదురుగా ఉన్నదాన్ని రెండు చేస్తుంది. చెత్తబుట్ట ఉంటే రెండు చెత్తబుట్టలు. అందుకే బిగించే ముందు దాని కొలతకు ఖాకీ కాగితం కత్తిరించి గోడకు అంటిస్తాం. మా ఫిట్టర్ ఒక చేతి అద్దాన్ని ఆ కాగితం మీద అక్కడక్కడా ఆనించి పట్టుకుంటాడు. నేను తలుపు దగ్గర నిలబడి, లిఫ్ట్ దగ్గర నిలబడి, సోఫాలో కూర్చుని, ఎక్కడి నుంచి ఏం కనబడుతుందో రాసుకుంటాను.

ఉప్పల్‌లో ఒక కొత్త హోటల్ లాబీకి ఇదంతా చేశాను. అక్కడ రిసెప్షన్ పక్కన రెండు మెట్లెక్కితే, స్తంభం చాటున, పూజ గూడు. పసుపు గుడ్డ కప్పిన వినాయకుడి విగ్రహం అప్పటికే అందులో ఉంది. సోఫాలో కూర్చున్నప్పుడు చేతి అద్దం అంచున ఆ పసుపు మెరిసింది. నా కన్ను దానంతటదే పక్కకు తప్పుకుంది. విగ్రహాల ఊరేగింపు ఎదురొస్తే కళ్లు దించుకుని పాట పాడుకోవాలని చిన్నప్పుడు సండే స్కూల్ టీచరమ్మ నేర్పింది. అంబర్‌పేట్ సందుల్లో అట్లా ఎన్ని పాటలు పాడుకున్నానో! ఆ అలవాటుకు ఇది పని వేళ అని తెలియదు. "సోఫా - సరే" అని రాసుకుని లేచాను.

వారం తిరిగేసరికి ఆరడుగుల అద్దం గోడకెక్కింది.

ప్రారంభం శుక్రవారం. నన్నూ ఫిట్టర్‌నూ కూడా పిలిచారు. యజమాని తల్లికి మోకాళ్లు అరిగిపోయాయి, ఆ రెండు మెట్లు ఎక్కలేదు. సోఫాలో కూర్చోబెట్టారు. పూజారి హారతి వెలిగించగానే ఆ మంట నా అద్దం నడిమధ్యన లేచింది. స్తంభం చాటున ఉన్న విగ్రహం నిండుగా కనబడింది. పెద్దావిడ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. తరువాత నన్ను దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకుంది.

"నా తిప్పలు నీకెట్ల ఎర్కైంది బిడ్డా? కన్న కొడుక్కే తట్టలే."

"మేడం అన్నీ కొలిచి పెడ్తదమ్మా," అన్నాడు యజమాని నవ్వుతూ.

నేను ఏమీ అనలేదు. నవ్వాను కూడా అనుకుంటా.

ఎల్లుండి నెలలో మొదటి ఆదివారం, మా సంఘంలో ప్రభువు బల్ల, అంటే ఆయన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. మనసులో ముల్లు పెట్టుకుని ఆ రొట్టె ముట్టుకోకూడదని మాకు నేర్పారు. బాప్తిస్మం పొందినప్పటి నుంచి నేను ఒక్క బల్ల తప్పలేదు. ఇప్పుడు చెయ్యి చాపవచ్చా? నేను మొక్కలేదు, కానీ మొక్కడానికి దారి వేశాను. అద్దంలో ఉన్నది ఎవరూ చెక్కింది కాదు, పోత పోసింది కాదు, దీపం తీస్తే మసకబారిపోతుంది. మరి దాన్ని ఏమనాలి?

బయటికి రాగానే ఫిట్టర్‌కు చెప్పాను.

"ఎనిమిదించులు ఎడమకు జరిపితే దేవుడు పోతడు, స్తంభం వస్తది. గంట పని. వెలుతురు కండ్లల్ల కొడ్తుందని సార్‌కు చెప్దం," అన్నాడు.

"అది అబద్ధం కదన్నా."

"గట్లైతే ఉండనియ్. మీతోని మస్తు పరేషాన్ మేడం. అద్దం ఎవరొస్తె వాళ్లను సూపిస్తది. దానికేం ఎరుక?"

శనివారం పొద్దున మా పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లాను. ఆయన అంతా విని, బైబిల్లో కుష్ఠు నయమై మన దేవుణ్ని నమ్ముకున్న సైన్యాధిపతి సంగతి ఎత్తారు. తన రాజు వేరే దేవుని గుడిలో మొక్కేటప్పుడు తన చెయ్యి ఆనుకుంటాడు, తానూ వంగక తప్పదు, ఆ ఒక్కటి క్షమించమని అతడు అడిగితే, ప్రవక్త సమాధానంతో, అంటే మనశ్శాంతితో, పొమ్మన్నాడు.

"అయ్యగారూ, అంటే ప్రవక్త సరే అన్నట్టా, కాదన్నట్టా?"

"నలభై ఏండ్ల నుంచి నేను గూడ అదే అడుగుతున్నమ్మా," అన్నారాయన. "అద్దం సంగతి తర్వాత. ఆ తల్లి మెచ్చుకుంటే నువ్వేమన్నవ్?"

"ఏమనలేదు."

"ముందు అది సరిజేసుకో పో."

కొలత టేపు సంచిలో వేసుకుని ఉప్పల్ వెళ్లాను. పెద్దావిడ అదే సోఫాలో ఉంది. పక్కన కూర్చున్నాను.

"అమ్మా, నిన్న నన్ను మెచ్చుకున్నరు. నేను మీకోసమని పెట్టలేదు. మేం ప్రభువును నమ్ముకున్నోళ్లం. దేవుని గూడు దిక్కు చూడొద్దని చూడలే. చూడకపోబట్టే అట్ల కుదిరింది."

ఆమె అద్దంలోకి చూసి, మళ్లీ నా మొహంలోకి చూసింది.

"నువ్వు సూడకుంటనే ఇంత సక్కగ కుదిరిందా?"

"అవునమ్మా."

"మరి కుదిర్చింది ఎవరే?"

జవాబు నోటి దాకా వచ్చింది. ప్రభువుకు తెలియకుండా తల వెంట్రుక కూడా రాలదని పిల్లలకు నేర్పేది నేనే. ఆ మాట ఇక్కడ అంటే నేను ఏం ఒప్పుకున్నట్టు? అనకపోతే దేన్ని కాదన్నట్టు? చెయ్యి సంచిలోని టేపు మీదికి పోయింది.

"మీ దేవునికి కోపమొస్తదంటే జరుపు బిడ్డా," అంది ఆమె. "నేనే ఎట్లనో గట్ల మెట్లెక్కుత తియ్." అని, మోకాలు పట్టుకుని నిజంగానే లేవబోయింది.

"కూసోండమ్మా," అన్నాను. టేపు సంచిలోంచి తియ్యలేదు.

మర్నాడు రొట్టె పళ్లెం వరుస వెంట నా దాకా వచ్చింది. పెద్దావిడతో నిజం చెప్పాను, ఆ ముల్లు పోయింది. కానీ అద్దం అక్కడే ఉంది, పొద్దున హారతి కూడా అయ్యే ఉంటుంది. చెయ్యి చాపాను, తీసుకున్నాను. అది విశ్వాసమో తెగింపో ఈ రోజుకీ తెలియడం లేదు.

ఇది చదివిన మీరు ఒక్క నిమిషం నాతో తల వంచండి. నేను చేసింది తప్పైతే నాకు చూపించమని, ఈసారి కళ్లు తిప్పుకోనివ్వొద్దని అడగండి. తప్పు కాకపోతే నెమ్మది ఇమ్మనండి. ఆ తల్లి మోకాళ్ల కోసం కూడా అడగండి. అది అడగడానికి మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. ఆమేన్.