సంచి నేల తాకకూడదు

మళ్ళీ ఆలస్యమే. ఈ బాగేపల్లి బస్సుకు టైరు పోవడానికో వేళ, డ్రైవరు కాఫీ తాగడానికో వేళ ఉన్నాయి గాని, మా గూళూరు చేరడానికి మాత్రం వేళంటూ లేదు. నిన్న పొద్దున్నే తెలియాల్సిన చావు కబురు మధ్యాహ్నం దాటాక బస్సు దిగింది. మా ఊరికి టపా మోసిన అంచె రన్నరు పోయాడు. ఆ కబురు ఆయనే మోసుకొచ్చి ఉంటే ఎండ ముదరకముందే అందేది.

బస్సు లేని రోజుల్లో, చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లికి వచ్చిన ఉత్తరాల సంచిని భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన కర్ర పట్టుకుని ఆయన రోజూ మా ఊరికి పరుగెత్తేవాడు. ఇక్కడ నా అంగడి అరుగే అంచె కచేరి. అంగడి నాది, ముద్ర సర్కారుది. ఊర్లో గడియారం నా ఒక్కడి దగ్గరే ఉండేది. దాన్ని ఆయన గజ్జెలు విని సరిచేసుకునేవాణ్ణి. ఈ సంగతి పైవాళ్ళకు రాయలేదు.

ఆయన క్రీస్తును నమ్ముకున్న మనిషి. నేను ఊరికే ఉండలేక గిల్లేవాణ్ణి.

“మతం మారితే ఏమొచ్చెనప్పా? అవే కాళ్ళు, అదే దారి.”

“అదే దారప్పా. ముందర ఒంటిగా ఉరుకుతాంటి. ఇప్పుడు తోడుండాడు.”

“ఆ తోడు ఒక సైకిలన్నా ఇయ్యకూడదా?”

“ఇయ్యలేదంటే, వీనికి కాళ్ళు చాలులే అనుకున్నాడేమో.”

తన నమ్మకం గురించి ఏం చెప్పినా పరుగు మాటల్లోనే చెప్పేవాడు. “బాగేపల్లిలో బయల్దేరేటప్పుడు ఎవురైనా ఉరుకుతారప్పా. మీ ఊరు కనబడినంక కాళ్ళు గుంజుతాయి చూడు, ఆడ తెలుస్తాది నమ్మినామా లేదా అనేది. ఎంత జోరుగా వచ్చినావని ఆయన అడగడు. యాడ నిలిచిపోయినావని అడుగుతాడు.”

సంచి నేల తాకకూడదు, చేతి నుంచి చేతికి అందాలి. అది అంచె కట్టుబాటు. కానీ ఆయన బాగేపల్లిలో ఊరి బయటి పేట మనిషి. ఆయన చేతి నుంచి నేను తీసుకుంటే మా ఊరు ఒప్పదు. అందుకని అరుగు చివర ఒక రాయి వేయించాను. రాయి నేల కాదు కదా అని నాకు నేనే చట్టం రాసుకున్నాను. ఏళ్ళ తరబడి ఆయన ఆ రాయి మీద పెట్టాడు, నేను తీసుకున్నాను. మా అమ్మాయికి కాన్పు అయిన కబురు కూడా ఆ రాయి మీదికే వచ్చింది.

ఒకసారి ముసురు పట్టిన రోజు. ముగ్గురు పెద్దమనుషులు వాన తగ్గేదాకా నా అరుగు మీద కూర్చున్నారు. రాయి మీద నీళ్ళు నిలిచాయి. ఆయన సంచిని రెండు చేతులతో చాపి నిలబడ్డాడు.

“బిరీన తీసుకోప్పా. పోవల్ల.”

నేను ఆ ముగ్గురి వైపు చూశాను. నా చెయ్యి లేవలేదు. “ఉండప్పా, రాయి తుడుస్తా” అన్నాను. గోనెపట్ట వెదికి, తుడిచి, ఇంకోటి పరిచేదాకా ఆయన వానలో చేతులు చాచుకునే ఉన్నాడు. తర్వాత బాగేపల్లి వైపు కాకుండా ఊరి అవతలికి ఉరికాడు. అక్కడి పల్లెలో, పుట్టింట్లో, ఆయన భార్య జ్వరంతో పడి ఉందని నాకు సాయంత్రం తెలిసింది. ఆయన గడప తొక్కేసరికి ఆమె అప్పుడే కన్ను మూసిందట. నేను రాయి తుడిచినంత సేపే తేడా.

మర్నాడు గజ్జెలు వేళకే వినిపించాయి.

“ఈ పొద్దు రాకుంటే ఎవురడుగుతారప్పా?” అన్నాను.

“నిల్చుకుంటే మల్లా ఉరకలేనేమోనని భయమప్పా.”

అంతే. రాయి మాట ఎత్తలేదు. సంచి దాని మీద పెట్టి పోయాడు. నేనూ ఎత్తలేదు. బస్సు వచ్చి ఆయన పరుగు ఆగేదాకా చెయ్యీ చాపలేదు.

ఆ అవతలి పల్లెలో భార్య పక్కనే మట్టి చేయమని, మా ఊరి మీదుగా పాత దారినే మోయమని, శవం పెట్టెను మధ్యలో ఎక్కడా దించొద్దని చెప్పి పోయాడట. బస్సులో వచ్చినతను చెప్పాడు. పొద్దుటి నుంచి ఈ రాయి మీదే కూర్చుని రాస్తున్నాను. ఆ ముగ్గురు పెద్దమనుషుల్లో ఇంకా బతికున్న ఇద్దరూ అరుగు మీదే ఉన్నారు. పెట్టెకు భుజం ఇస్తే ఇంక నా అంగడి మెట్టు ఎక్కేది లేదని ఇందాకే చెప్పారు. గజ్జెల కర్ర ఎవరో ముందు పట్టుకుని వస్తున్నట్టున్నారు, చప్పుడు మలుపు దాటింది. నేను రాయాలనుకున్నది ఇంకా రాయనే లేదు, ఆ రోజు ఆయన చేతులు

కర్ర పట్టుకున్నతను అరుగు ముందుకొచ్చాడు. “అప్పా, మోసేవాళ్ళు అలిసిపోయినారు. కింద పెట్టకూడదంట. ఒక భుజం తక్కువుండాది.”

“వస్తాండానప్పా.” కలం ఈ రాయి మీద పెట్టి, రెండు చేతులూ