బంగళా తోటలో మంద కట్టించిన మేధావి

నా మూలంగా మా ఊళ్లో ఒక బంగళా అమ్ముడుపోకుండా మిగిలిపోయింది. దానికి కారణం దయ్యాలు కాదు, కోర్టు వ్యాజ్యం అంతకంటే కాదు. నేనూ, అర్ధవీడు నుంచి వచ్చిన ఒక గొర్రెల మందా. మా ఇరుపక్షాల్లో తెలివితక్కువతనం ఎవరిదో మీరే తేల్చండి, నేను మాత్రం గొర్రెలను ఏమీ అనను.

అప్పట్లో మాది మద్రాసు రాజధానిలో కర్నూలు జిల్లా. మార్కాపురం శివార్లో మా తాత, ఎవరో దొర ఇల్లు చూసి కుళ్లుకుని, పెళ్లి విడిదికి సరిపోయేంత బంగళా కట్టి, దాని చుట్టూ అంతకు నాలుగింతల తోట పెట్టాడు. కట్టినాయన కట్టి పోయాడు, ఊడ్చేది మా అమ్మ. వాకిట్లో మొదలుపెట్టి పెరటి గోడ చేరేసరికి వాకిట్లో మళ్లీ ఆకులు రాలి ఉండేవి.

"ఈ కొంప అమ్మేసి, బజార్లో మా అక్క ఇంటి పక్కన రెండు గదుల ఇల్లు కొను. ఊడ్సి ఊడ్సి నా నడుము పడిపోయింది" అని అమ్మ ఏళ్ల తరబడి పోరితే, చివరికి నాయన దిగొచ్చాడు. పైకప్పు బాగుచేయించి, కొత్త బండలు పరిపించి, గోడలకు తెల్లగా సున్నం కొట్టించాడు. సున్నం ఆరేదాకా అందరం పెద్దమ్మ ఇంట్లో దిగాం. అమ్మ అక్కడ రెండు గదులూ చిటికెలో ఊడ్చేసి, కాళ్లు చాపుకుని కూర్చుని వక్కాకు వేసుకునేది. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

ఇంతలో కురిచేడు వేరుశనక్కాయల వ్యాపారి శెట్టిగారు, మర్నాడు పొద్దున భార్యతో సహా ఇల్లు చూడ్డానికి వస్తున్నామని కబురు పెట్టాడు.

"ఆయమ్మకు పూలంటే పానమంట. తోట నచ్చితేనే కొంటారంట. మన చెట్లేమో జొరమొచ్చినట్ల ఉండాయి. నువ్వు ఖాళీగానే ఉండావు కదా, ఏమన్నా చెయ్యి" అన్నాడు నాయన.

ఖాళీ అంటే, కర్నూల్లో చదివి, పరీక్ష తప్పి, ఊళ్లో మేధావిగా చెలామణీ అవుతున్నానన్నమాట. మేధావికి వెంటనే ఆలోచన తట్టింది. మా వైపు కోతలైన చేలో గొర్రెల మంద కట్టిస్తారు. రాత్రంతా తడికెల మధ్య అవి పడుకుని లేస్తే, ఆ ఎరువుకు నేల బలం పుంజుకుంటుంది. చేనుకు పనికొచ్చింది తోటకు పనికిరాదా? తెల్లారేసరికి చెట్లన్నీ పచ్చగా నిగనిగలాడతాయని నేను గట్టిగా నమ్మాను. చదువు మనిషిని ఎంత దూరమైనా తీసుకుపోతుంది.

సాయంత్రం మా గేటు ముందు మందను తోలుకుపోతున్న అర్ధవీడు కాపరి యల్లయ్యను ఆపాను.

"యల్లన్నా, ఈ పొద్దు మా తోటలో మంద కట్టు."

"కడతాలే అబ్బయ్యా. తడికెలు బండిలో ఎనక వస్తా ఉండాయి."

"చుట్టూ ప్రహరీ గోడ ఉంటే తడికెలెందుకు?"

"లోపల చెట్లుండాయి కదా?"

"గొర్రెలు గడ్డి తింటాయి గానీ పూలు తింటాయా ఏంది?"

యల్లయ్య తోటలోకి తొంగిచూసి, "నావి శానా మర్యాద గల గొర్రెలు అబ్బయ్యా" అన్నాడు. గేటు తీసిచ్చి, పెద్దమ్మ ఇంటికి పోయి సుఖంగా నిద్రపోయాను. సున్నం వాసన పోవాలని అమ్మ బంగళా తలుపులన్నీ బార్లా తీసి పెట్టిన సంగతి నాకు గుర్తు రాలేదు.

పొద్దున్నే స్టేషన్ నుంచి జట్కాలో శెట్టిగారు, ఆయన భార్య దిగారు. నాయన దర్జాగా గేటు తీశాడు.

గులాబీలు లేవు, మల్లెతీగ లేదు, కనకాంబరాల చోట మొండి కాడలున్నాయి. గన్నేరు విషమని గొర్రెలకు కూడా తెలుసు గనక ఆ చెట్టొక్కటే నిలబడి ఉంది. వసారాలో కొత్త బండల మీద మంద బారులు తీరి పడుకుని, విందు ముగించిన పెళ్లివారి మాదిరి నెమరేస్తోంది. ఒళ్లు రుద్దుకున్నంత ఎత్తు వరకు గోడలకు సున్నం మిగల్లేదు. హాల్లోంచి ఒక పొట్టేలు గడప దాకా వచ్చి, ఎవరు కావాలన్నట్టు నాయన వైపు చూసింది.

"సున్నం ఇంటికి కొట్టించినారా, గొర్రెలకా?" అన్నాడు శెట్టి.

"తోట యాడుండాదన్నా?" అని ఆయన భార్య అడిగింది.

"ఇదేనమ్మా" అన్నాడు నాయన.

"మరి పూలేవి?"

యల్లయ్య వినయంగా ముందుకొచ్చాడు. "యాడికీ పోలేదమ్మా. అన్నీ వీటి కడుపులో బద్రంగా ఉండాయి."

జట్కా వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.

"ఏమన్నా చెయ్యమన్నా గానీ, ఇంత చెయ్యమన్లేదు కదరా" అన్నాడు నాయన. మా వెనకే వచ్చిన అమ్మ నేరుగా లోపలికి నడిచింది. కొంగు దోపుకుని చీపురు తీసుకుంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది, నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

తర్వాత వానలు పడ్డాయి. ఆ ఎరువు నేలలో దిగింది. మల్లె గోడ దాటి పాకింది, గులాబీలు గుత్తులు గుత్తులుగా పూశాయి, మార్కాపురంలో అంతటి తోట లేదన్నారు. ఆ మాట కురిచేడు దాకా పోయి, శెట్టి దంపతులు మళ్లీ వచ్చారు. అమ్మ లోపల అప్పుడే గిన్నెలు మూట కట్టింది. రోజూ తెల్లవారగానే ఆ పూల మధ్య పడక్కుర్చీ వేసుకోవడానికి అలవాటుపడిన నాయన మాత్రం అడ్డంగా తలూపాడు.

"ఇట్లాంటి తోటను ఎవురన్నా అమ్ముకుంటారా శెట్టీ?"

అమ్మ మూట అక్కడే దించి, నా దగ్గరికొచ్చి చీపురు చేతిలో పెట్టింది.

"నువ్వు పెంచిన తోట కదా నాయనా, నువ్వే ఊడ్సు. నేను అక్క ఇంటికాడ కాళ్లు సాపుకుని కూచ్చుంటా, మాపటికి వస్తా."

ఆనాటి నుంచి రోజూ అంతే. ఆ చీపురు మీద చెయ్యి వేసి అప్పుడే శపథం చేశాను, ఇక బతికినంత కాలం ఏ తోటకూ మేలు చేయనని. ఇవాళ్టి వరకు మాట తప్పలేదు. ఊడుస్తున్నాను, అంతే.