గట్టున పాతిన గెడ

పక్కింట్లో పెళ్లి పందిరికి గుంజలు పాతుతున్నారు. రాత్రి వానకు నేల బాగా నానింది. వెదురు బురదలోకి దిగినప్పుడల్లా వచ్చే ఆ చప్పుడుకి, తాడేపల్లిగూడెంలో మా వంటింట్లో నిలబడ్డ నేను కొల్లేటి గట్టుకు పోయాను. మా వారు పేపరు చదువుకుంటున్నారు. ఆ చప్పుడు ఆయనకు వినిపించలేదో, వినిపించినా పట్టలేదో నేను అడగలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో కొల్లేటి లంకకు కాపురానికి వెళ్లాను. మా పక్కిల్లు సోసమ్మగారిది. భర్త పోయాక ఆయన పడవను ఆవిడే నడిపేది. మనిషి గట్టిది, నోరు అంతకన్నా గట్టిది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్తూ కూడా దారిలో ఇద్దరినైనా తిట్టకుండా వెళ్లేది కాదు. నాకు అత్తగారు లేరు. చేప తోమడం దగ్గర్నుంచి మగాడి కోపానికి బెదరకుండా ఉండటం దాకా అన్నీ ఆవిడే నేర్పింది.

గాలి పెరిగితే పడవ నడిపే గెడను తెచ్చి గట్టు బురదలో నిలువునా పాతేది. అది నిలబడి ఉన్నంతసేపూ మా లంకలో ఎవరూ పడవ కట్టు విప్పరు. పాతిన చేయే దాన్ని పీకాలి. ఆవిడ పక్కనే కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేది. "కూర్చోవడం చేతకానోళ్లు నీళ్ల మీదకి రాకూడదమ్మాయ్. గాలికి మనమీద పగేం లేదు. దాని పనయ్యాక అదే పోద్ది," అనేది.

ఆ ఏడు వానాకాలంలో కొల్లేటికోటలో మా ఆడపడుచు కూతురి నిశ్చితార్థం. మేనమామగా మా వారు తాంబూలాల వేళకు అక్కడుండాలి. పొద్దుటి నుంచీ ఈదురుగాలి. గెడ పాతే ఉంది.

"మామ్మగారూ, ముహూర్తం దాటిపోద్దండి," అన్నారు మా వారు.

"ముహూర్తం పంతులుగారు మీకు పెట్టారు బాబూ. గాలికి చెప్పలేదుగా!"

గట్టు మీదున్న నలుగురూ నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. ఆయన విసురుగా వెళ్లి గెడ పీకేసి నన్ను ఎక్కమన్నారు. వద్దండీ అన్నాను. జబ్బ పట్టుకుని ఎక్కించారు.

"ఓరి నీ తొందర తగలెయ్యా! ఆ పిల్లని దించరా!" అని సోసమ్మగారు అరిచింది. ఆయన దించలేదు. అప్పుడావిడ చీర ఎగదోపి పడవలోకి దూకి, ఆయన చేతిలోని గెడ లాక్కుంది. నా ఒక్కదాని కోసం ఎక్కింది.

నడిమి నీళ్లకు చేరేసరికి అలలు పక్క నుంచి కొట్టాయి. వరద నీరు, గెడకు నేల అందలేదు. "నీళ్లు తోడు అబ్బాయ్!" అని ఆవిడ మొత్తుకుంటుంటే, మా వారు సారె పళ్లెం తడవకుండా పైకెత్తి పట్టుకున్నారు. పడవ బోల్తా కొట్టింది. ఆవిడ నన్ను జుట్టు పట్టి లాగి, బోర్లాపడ్డ పడవ మీదకు తోసింది. "వదలకు," అంది. నేను వెనక్కి తిరిగేసరికి నీళ్ల మీద గుర్రపుడెక్క ఆకులు తప్ప అక్కడేమీ లేదు. మా వారు అవతలి అంచు పట్టుకుని వేలాడుతున్నారు.

గాలి కాస్త తగ్గాక కొల్లేటికోట జాలరులు మా ఇద్దర్నే గట్టుకు చేర్చారు. తాంబూలాలు ఇంకా మార్చుకోలేదు. ఆకివీడు వైపు నుంచి రావాల్సిన మగపెళ్లివారు, ఈ గాలిలో ఎందుకని అవతలి గట్టునే కూర్చున్నారట. సాయంత్రం ఇంకో మంచి వేళ ఉంది, కంగారేముందని పంతులుగారే అన్నారట. అందరూ తాపీగా కాఫీలు తాగుతున్నారు.

"ఆవిడ రాత అలా ఉంది," అంటారు మా వారు ఇప్పటికీ. ఆ రాత రాసిందెవరో? అడిగితే గొడవ, అడక్కపోతే కడుపులో మంట. ఆ మంటతోనే కాపురం చేశాను, పిల్లల్ని పెంచాను. క్షమించలేదు.

ఇందాక గాలి రేగింది. ఏలూరు వెళ్లాలని ఆయన స్కూటర్ తాళం పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. నేను మెట్టు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. నా ముఖం చూశారు. తాళం జేబులో వేసుకుని లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నారు.

కూర్చోవడం ఇప్పుడు ఆయనకు బాగానే వచ్చింది.