బొట్టు పెట్టిన తగరపు చక్రం

నాంపల్లిలో నగల రాళ్లకు సానపట్టే వామన్‌రావు దృష్టిలో లోకంలో పనికిమాలినవాళ్లు రెండు రకాలు. తగరపు చక్రం మీద రాయిని అరగదీసేవాళ్లు, రాగి చక్రం మీద మెరుగుపెట్టేవాళ్లు. తండ్రి నేర్పిందే అది: రాగి మీద ముతక పొడితో ముఖాలు తీయాలి, తగరం మీద మెత్తని పొడితో మెరుపు తేవాలి. ముతక రేణువు ఒక్కటి తగరంలో దిగబడిందా, ఇక రాయి నిండా గీతలే. అందుకే ఆ పెద్దాయన రెండు చక్రాలనూ రెండు గదుల్లో ఉంచేవాడు.

ఆయన పోగానే కులపెద్దలు వచ్చి, ఛాయ్ తాగి, అంతకంటే గొప్ప ఏర్పాటు చేశారు. వాటిని రెండు ఇళ్లల్లో ఉంచారు! రాగిది పెద్దవాడు వామన్‌రావుకు, తగరానిది చిన్నవాడు రామచందర్‌కు. పంపకం సమానం. మరి రాయి ఎవరింట్లో పూర్తవుతుందని అడిగిన మహానుభావుడు ఒక్కడూ లేడు. నువ్వియ్యంటే నువ్వియ్యని అన్నదమ్ములు మూడేళ్లు మాట్లాడుకోలేదు.

1962లో ఆబిడ్స్ నగల దుకాణం గోపాలరావు ఒక పుష్యరాగం ఇచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, గొంతు కోసినా మర్యాదగానే కోస్తాడు. "శుక్రవారానికి మెరవాలండీ. పోయినసారిలా మసగ్గా ఉంటే ఇక మీకు శ్రమ ఇవ్వను."

వామన్‌రావు ముఖాలు బ్రహ్మాండంగా తీశాడు. చిక్కంతా మెరుగు దగ్గరే. సీసం చక్రం కొన్నాడు. అంచులు అరిగి రాయి పిప్పరమెంటు బిళ్లలా తయారైంది. చెక్క చక్రం తిప్పితే చెయ్యి నొప్పి తప్ప మెరుపు రాలేదు. ఉస్మాన్‌గంజ్‌లో అసలు తగరమని ఒట్టేసి అమ్మినది గీతలు పెట్టింది. ప్రతిసారీ ముఖాలు మళ్లీ తీయాలి. రాయి చిక్కిపోయింది, ఆయనా చిక్కిపోయాడు. గురువారం పొద్దున అభిమానం చంపుకొని బషీర్‌బాగ్‌లో తమ్ముడింటికి నడిచాడు.

"తగరం చక్రం జర ఇయ్యి తమ్మీ. ఒక్క దినం."

లక్డీకాపూల్‌లో గుమాస్తాగా కుదిరి సానపని ఎప్పుడో వదిలేసిన రామచందర్ దేవుని గూడు చూపించాడు. చక్రం తండ్రి ఫోటో పక్కన ఉంది. దాని మీద మూడు దసరాల పసుపు, కుంకుమ, అగరుబత్తుల బూడిద.

"మామ చెయ్యి పడ్డది గదా బావా, రోజూ బొట్టు పెడుతున్న," అంది మరదలు కమల గర్వంగా.

వామన్‌రావు వేలితో తడిమాడు. గరగరలాడింది. పూజ చేసి మరీ చంపారు!

"పైపొర గీకాలె."

"నాయన పట్టిన సాన గుర్తులు పోతయ్ గదనే అన్నా?"

"పోతయ్. గీకకుంటే నాయన నేర్పిన పనే పోతది."

రామచందర్ కింద కూర్చుని చక్రాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. అన్న గీకాడు. అంతా అయ్యాక తమ్ముడు నేల మీది తగరపు పొట్టును ఏరి, కాగితంలో పొట్లం కట్టి, గూట్లో ఫోటో పక్కన పెట్టాడు.

"చక్రం నువ్వు తీస్కపో అన్నా. నాకిది చాలు."

పొట్టుకు పూజలేందిరా అని వెక్కిరించబోయాడు వామన్‌రావు. గడప మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

శుక్రవారం గోపాలరావు పుష్యరాగాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు. ఎంత వెతికినా వంక దొరకలేదు.

"ఇంత మంచి చక్రం ఎక్కడ కొన్నారండీ?"

"కొనలే," అన్నాడు వామన్‌రావు. "మా తమ్మునిది."